తూనీగలో రెండో సీటు

సామర్లకోటలో జోషిత అనే అమ్మాయి ఉండేది. చురుకైనదే, మంచిదే, కానీ ఎవరు ఏం చెప్పినా సగమే వినేది.

చెవుల్లో లోపమేమీ లేదు. పక్క వీధిలో ఐసుక్రీము బండి గంట మోగితే ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే వినబడేది. కాకపోతే, ఎవరైనా మాట మొదలుపెట్టగానే ఆమె బుర్ర పరుగందుకునేది. చెప్పేవాళ్ళు ఇంకా చెబుతూనే ఉండేవాళ్ళు. ఈవిడగారు అప్పటికే పనిలో దిగిపోయేది. ఒకరోజు అమ్మ, "పాలు పొంగు రాగానే స్టవ్వు ఆపు. పక్కనున్న పప్పు మాత్రం ఆపకు" అని చెప్పి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే రెండు పొయ్యిలూ ఆరిపోయి ఉన్నాయి. ఆ పూట ఇంటిల్లిపాదీ ఉడికీ ఉడకని పప్పుతోనే అన్నం తిన్నారు.

"నీ చెవులు ఎక్కడైనా తాకట్టు పెట్టావటే?" అని అమ్మ కేకలేసింది.

జోషిత కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మా నవ్వేసింది. ఎప్పుడూ ఇదే తంతు. తప్పు చేసినప్పుడల్లా అందరూ నవ్వి ఊరుకోబట్టి ఆ గుణం పిల్లతో పాటే పెరిగి పెద్దదైంది.

ఆ పిల్ల చేత మాట పూర్తిగా వినిపించగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. ఆమె అక్క అలేఖ్య. చెల్లెలి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని, "ఇటు చూడవే. ఇప్పుడు విను" అనేది. ఆ పట్టు వదలకుండా చెప్పాల్సింది చెప్పేది. అప్పుడు గానీ మాట చివరిదాకా లోపలికి వెళ్ళేది కాదు.

ఆ అక్కచెల్లెళ్ళకి కంప్యూటర్లో ఒక ఆటంటే ప్రాణం. అది బండ్లు కట్టే ఆట. ఇంజన్లు, చక్రాలు, సీట్లు, రేకులు అన్నీ విడివిడి ముక్కలుగా ఇస్తారు. ఏది ఎక్కడ బిగించాలో మన ఇష్టం. బరువెక్కువైతే బండి నత్తనడక నడుస్తుంది. మరీ తేలికైతే గాలికి లేచిపోతుంది. చక్రం కాస్త వంకరగా పెట్టామా, బోల్తా! అలేఖ్య కంప్యూటర్ ముందు, జోషిత అమ్మ ఫోనుతో పక్కన చేరేవాళ్ళు. ఆటలో ఇద్దరికీ చెరో బొమ్మమనిషి ఉండేది. అలేఖ్య బొమ్మకి పసుపు టోపీ, జోషిత బొమ్మకి ఎర్ర టోపీ. ఇద్దరూ ఒకే బండి ఎక్కి తిరగొచ్చు.

వాళ్ళు మామూలు కార్లు కట్టేవాళ్ళు కాదు. వాళ్ళ కళ్ళన్నీ హైపర్‌కార్ల మీదే, అంటే రేసు కార్లకే ముచ్చెమటలు పట్టించే కార్ల మీద. మొదట కట్టినదాని పేరు గంగిరెద్దు. బ్రేకు వేసినప్పుడల్లా అది తలూపేది. తర్వాత కట్టినది కుంటికుందేలు. దాని సంగతి పేరులోనే ఉంది కదా! అయినా ఇద్దరూ పగలబడి నవ్వుతూ అందులోనే ఊరేగేవాళ్ళు.

ఏ బండైనా సరే, మొదటిసారి తీసే ముందు అలేఖ్యకి ఒక ఆచారం ఉండేది. నాన్న స్కూటర్ కొన్నప్పుడు గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు కదా, అలాగే ఆటలో కూడా తొక్కించాలట. ఆటలో నిమ్మకాయలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకని నాలుగు చక్రాల కిందా నాలుగు పసుపు బంతులు పెట్టేది. అవి నలిగేవి కాదు, చక్కగా దొర్లిపోయేవి. నలిగిన చప్పుడు అలేఖ్యే నోటితో చేసేది. "టప్! టప్!" ఆ చప్పుడు అయ్యాకే బండి కదలాలి.

ఆ ఆటలో తెల్లటి ఉప్పు మైదానం ఒకటుంది. కనుచూపు మేర తిన్నటి దారి. దారి చివర పెద్ద కమాను. గంటకి ఐదువందల కిలోమీటర్ల వేగం దాటి ఆ కమాను కిందనుంచి దూసుకుపోతే ఆకాశమంతా బాణసంచా వెలుగుతుందట. "అట" అనడం ఎందుకంటే, వాళ్ళెప్పుడూ చూసిన పాపాన పోలేదు. గంగిరెద్దు సగం వేగానికే ఆయాసపడేది. కుంటికుందేలు ఆ కమాను దాకా వెళ్ళడమే గొప్ప.

ఇంతలో అలేఖ్య పదో తరగతి పాసయింది. విజయవాడలో హాస్టలున్న ఒక కాలేజీలో చేర్పించారు. అక్కడ ఫోన్లు కూడదు, కంప్యూటర్ల ఊసే ఉండదు. ఆదివారం మాత్రం హాస్టల్ ఫోను దగ్గర వరసలో నిలబడి ఇంటికి మాట్లాడుకోవచ్చు.

వెళ్ళే రోజున నాన్నతో పాటు అలేఖ్య రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. అమ్మ, జోషిత ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. జోషిత ఏడవకూడదని పళ్ళు బిగించుకుంది. అలేఖ్య అలవాటు కొద్దీ చెల్లెలి బుగ్గలు పట్టుకోబోయింది. కిటికీ ఊచలు అడ్డొచ్చాయి. వేళ్ళు మాత్రమే బయటికొచ్చాయి.

"ఒసేయ్ జోషీ, నేను దసరాకి వచ్చేసరికి ఐదువందలు దాటే బండి కట్టవే. ఆ బాణసంచా ఇద్దరం లోపల కూర్చునే చూడాలి" అంది.

రైలు కూత వేసింది. మాట వినబడలేదనుకునేరు. వినబడింది. కానీ "ఐదువందలు" అన్న దగ్గరే జోషిత బుర్ర పరుగందుకుంది. ఏ ఇంజను పెట్టాలి, ఎన్ని రేకులు తగ్గించాలి, అక్క ఎంత మురిసిపోతుంది! మిగతా మాట ఊచల మధ్యనుంచి వచ్చి, ఆమె చెవి పక్కనుంచి జారి, ప్లాట్‌ఫారం మీద పడిపోయింది. రైలు కదిలింది.

ఇంటికొచ్చాక ఇల్లు ఇల్లులా లేదు. అక్క మంచం మీద దుప్పటి మడత నలగలేదు. అద్దం దగ్గర అక్క దువ్వెన పెట్టింది పెట్టినట్టే ఉంది. రాత్రి నాన్న తిరిగొచ్చాక అన్నాలప్పుడు జోషిత అలవాటు చొప్పున నాలుగు కంచాలు తెచ్చింది. అమ్మ ఏమీ అనకుండా ఒకటి తీసి లోపల పెట్టేసింది.

ఆ దిగులంతా జోషిత బండి మీద పెట్టింది. బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చునేది. కొత్త బండికి తూనీగ అని పేరు పెట్టింది. సన్నటి ఒళ్ళు, పొడుగాటి తోక, రెండు పక్కలా రెక్కలు. చూడటానికి ముచ్చటగా ఉండేది. పక్కపక్కనే రెండు సీట్లు. మొదట్లో అమ్మ ఫోన్లో అక్క బొమ్మని తెరిచి పసుపు టోపీని ఆ పక్క సీట్లో కూర్చోబెట్టేది. బొమ్మ బుద్ధిగా కూర్చునేది. చక్రాల కింద పసుపు బంతులు పెడితే దొర్లేవి. కానీ "టప్" అనే గొంతు ఏది? ఆ గొంతు లేని చోట ఆ బొమ్మని చూస్తే ఇంకా దిగులేసేది. కొన్నాళ్ళకి ఫోను తెరవడం మానేసింది. పక్క సీటు ఖాళీగా ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది.

ఆదివారాలు అక్క ఫోను చేసేది. జోషిత అమ్మ చేతిలోంచి లాక్కునేది.

"అక్కా, తూనీగకి తలుపులు పీకేశాను!"

"తలుపుల్లేకుండా ఎలా కూర్చుంటామే మనం?" అని నవ్వింది అలేఖ్య.

"తలుపుల్లేకపోతే బరువు తగ్గుతుందక్కా. నాలుగు వందల యాభై దాటింది తెలుసా!"

ఇంకో ఆదివారం అలేఖ్య గొంతు సన్నగా వినబడింది. "జోషీ, నాకిక్కడ అస్సలు..."

"అక్కా అక్కా, ముందు నన్ను చెప్పనీ! అద్దాలు తీసేశాను, పాటల పెట్టె తీసేశాను. నాలుగు వందల ఎనభై!"

అవతల వరసలో వెనకున్న అమ్మాయి ఎవరో తొందరపెడుతున్న చప్పుడు. "అవునా? మంచిదేనే" అంది అలేఖ్య. ఫోను పెట్టేసింది.

"అక్క ఏం చెప్పిందే?" అని అడిగింది అమ్మ.

జోషిత ఆలోచించింది. ఏమీ గుర్తు రాలేదు. "బాగానే ఉందంటమ్మా" అనేసి మళ్ళీ కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది.

దసరా దగ్గర పడింది. తూనీగ మాత్రం ఐదువందలకి ఒక్క పిసరు దూరంలో మొరాయించి కూర్చుంది. జోషిత చేయని ప్రయత్నం లేదు. రెక్కలు వంచింది, తోక కోసింది, ఇంజను ముందుకీ వెనక్కీ జరిపింది. ఊహూ! తీసేయడానికి ఇంకేముందా అని బండి చుట్టూ తిరిగి చూసింది. పక్క సీటు కనబడింది. ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. ఎప్పటిలాగే గుండెలో కలుక్కుమంది.

"అక్కే లేనప్పుడు ఈ సీటెందుకు?" అనుకుంది. పీకేసింది.

తన సీటు మధ్యకి జరుపుకుంది. బండి ఒంటిని ఇంకా సన్నగా చెక్కేసింది. ఉప్పు మైదానంలోకి తీసుకెళ్ళి తోలింది. అంకె ఎక్కుతూ ఎక్కుతూ పోయి, కమాను ఇంకా దూరంగా ఉండగానే ఐదువందలు దాటింది. జోషిత ఎగిరి గంతేసింది. కానీ కమాను దాకా పోలేదు. బ్రేకు నొక్కేసింది. బాణసంచా చూస్తే అక్కతోనే చూడాలి, ముందే చూసేస్తే ఎలా? చూశారా, ఎంత ప్రేమ! ఆ ప్రేమకి లోటు లేదు. సీటు పీకేస్తే అక్క ఎక్కడ కూర్చుంటుందో మాత్రం ఆమెకి తట్టలేదు.

అలేఖ్య దసరాకి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. వచ్చిన రోజంతా నిద్రపోయింది. పండగ రోజు పొద్దున్నే నాన్న స్కూటర్ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నిమ్మకాయలు నలుగుతుంటే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. "ఇప్పుడు మన బండి!" అంది అలేఖ్య. ఆమె కళ్ళలో చాలా రోజులకి మెరుపు కనబడింది.

ఇద్దరూ చాప పరుచుకుని కూర్చున్నారు. జోషితకి కంప్యూటర్, అలేఖ్యకి అమ్మ ఫోను. ఉప్పు మైదానం తెరుచుకుంది. తూనీగ ఎండలో తళతళలాడుతోంది.

"అబ్బ! ఏముందే నీ బండి!" అంది అలేఖ్య. పసుపు టోపీ బొమ్మ బండి దగ్గరికి పరిగెత్తింది. ఒక పక్కకి వెళ్ళింది. తిరిగి ఇంకో పక్కకి వచ్చింది. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"నేనెక్కడ ఎక్కాలే?"

జోషిత మౌసు అటూ ఇటూ జరిపింది.

"నా సీటేదే?"

"అదీ... బరువెక్కువైందక్కా. అందుకని..."

"నేను బరువయ్యానా?" అంది అలేఖ్య. నవ్వుతూనే అంది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పర్లేదులేవే. నువ్వెళ్ళు. నేనిక్కడ నిలబడి చూస్తాను."

ఆచారం మరచిపోలేదు పాపం. నాలుగు చక్రాల కిందా నాలుగు పసుపు బంతులు తనే పెట్టింది. జోషిత బండి కదిలించింది. బంతులు దొర్లాయి. జోషిత చెవులు రిక్కించింది. పక్కనుంచి ఏ చప్పుడూ రాలేదు.

తూనీగ దూసుకుపోయింది. అంకె ఐదువందలు దాటింది. కమాను వచ్చింది, దాటిపోయింది. ఆకాశం నిండా ఎరుపు, పచ్చ, బంగారు రంగుల్లో బాణసంచా విచ్చుకుంది. ఇన్నాళ్ళు కలగన్నది అదే. జోషిత పక్కకి తిరిగి, "అక్కా, చూశావా!" అని అరవబోయింది. అలేఖ్య చేతిలోని ఫోను కనబడింది. ఆ ఫోన్లో ఖాళీ మైదానం. ఎక్కడో చివర, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు నాలుగు చుక్కలు వెలిగి ఆరిపోయాయి.

"బాగుందే" అంది అలేఖ్య. ఫోను పక్కన పెట్టి, అమ్మకి గారెలు వేయడంలో సాయం చేస్తానని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం అలేఖ్య మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే జోషిత వెనకాలే వెళ్ళింది. "కోపమొచ్చిందా అక్కా?" అని అడిగింది.

"కోపమేమిటే, పిచ్చి మొహమా!" అంది అలేఖ్య. చేతిలో బట్టలు గోడ మీద పెట్టింది. "అక్కడ నాకేమీ బాగోదు జోషీ. చెప్పేది అర్థం కాదు, ఎవరినీ అడగబుద్ధి కాదు. ఏడుపొచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని నీ బండిలో కూర్చునేదాన్ని. నువ్వు తోలేదానివి. పక్కన నేను. బాణసంచా కాలేది. అది చూశాక గానీ నిద్రపట్టేది కాదు. స్టేషన్లో చెప్పాను కదే, ఇద్దరం లోపల కూర్చునే చూడాలని."

అప్పుడు గుర్తొచ్చింది జోషితకి. ఊచల మధ్య అక్క వేళ్ళు, రైలు కూత, తను వదిలేసిన ఆ సగం మాట. "ఇద్దరం." తన పరుగులో తనే తొక్కేసిన మాట అది. అక్క నడుము పట్టుకుని భోరుమంది.

కిందికి పరిగెత్తి సీటు మళ్ళీ బిగించబోయింది. అది తేలికైన పనా? సూదిలా చెక్కేసిన ఒంట్లో రెండో మనిషికి చోటేది? సీటు పక్కకి పొడుచుకొచ్చింది. కదిలీ కదలకముందే తూనీగ ఒక పక్కకి ఒరిగి బోల్తా పడింది. మళ్ళీ సర్దింది. మళ్ళీ బోల్తా. మర్నాడు అక్క సంచి సర్దుకుంటున్నప్పుడు కూడా ఆ పనిలోనే ఉంది.

"ఈసారికి వద్దులేవే. రైలుకి టైమైపోతోంది" అంది అలేఖ్య. చెల్లెలి తల నిమిరింది. వెళ్ళిపోయింది.

ఆ బాణసంచాని తర్వాత ఎన్నిసార్లైనా చూసే వీలుంది. జోషిత ఒక్కసారి కూడా చూడలేదు. తూనీగని ముక్కముక్కగా విప్పేసింది. ఇంజను, చక్రాలు, రెక్కలు, అన్నీ తీసేసింది. ఖాళీ మైదానం మిగిలింది. దాని మధ్యలో ముందుగా రెండు సీట్లు పక్కపక్కనే పెట్టింది. మిగతా బండంతా ఆ రెండు సీట్ల చుట్టూ కట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం ఫోను మోగింది. జోషిత తీసి స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. తన బుగ్గలు తనే రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అక్క చేతులు లేవు కదా మరి!

"బండి ఎంతవరకొచ్చిందే?" అంది అలేఖ్య.

"బండి సంగతి తర్వాతక్కా. నువ్వు చెప్పు."

అలేఖ్య ఏవో రెండు ముక్కలు చెప్పి ఆగింది. ఇవతలనుంచి ఎవరూ అడ్డం రాలేదు. "ఉన్నావా జోషీ?" అంది అనుమానంగా.

"ఉన్నానక్కా. చెప్పు."

అలేఖ్య చెప్పింది. మెల్లగా మొదలుపెట్టి, తర్వాత గబగబా, చివరికి ముక్కు ఎగబీలుస్తూ, వెనకున్న అమ్మాయి భుజం తట్టేదాకా చెప్పింది. జోషితకి మధ్యలో ఎన్నిసార్లు నోరు తెరుచుకోబోయిందో! తెరుచుకున్నప్పుడల్లా బుగ్గలు ఇంకాస్త నొక్కిపట్టింది.

పెరట్లో పని ముగించుకుని వచ్చిన అమ్మ మామూలుగానే, "అక్క ఏం చెప్పిందే?" అని అడిగింది. మామూలు జవాబే వస్తుందనుకుంది.

జోషిత వరసగా చెప్పుకొచ్చింది. ఫిజిక్స్ అర్థం కావడం లేదని చెప్పింది. మార్కులు తగ్గాయని వెనక బెంచీకి మార్చారని చెప్పింది. గదిలో అమ్మాయిలు జట్టుగా ఉంటారని, అక్కతో ఎవరూ మాట కలపరని చెప్పింది. అన్నం సయించడం లేదంది. "మీరు బాధపడతారని మీకు చెప్పదంటమ్మా. నాకు చెప్పాలని ప్రతివారం అనుకునేదట" అంది.

అమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని నాన్నని కేకేసింది.

తర్వాతి ఆదివారం ముగ్గురూ విజయవాడ బయలుదేరారు. హాస్టల్ ముందున్న రేకుల షెడ్డు నిండా పిల్లల్ని చూడటానికి వచ్చిన తల్లిదండ్రులే. ఎక్కడ చూసినా క్యారియర్లు, పులిహోర వాసన. అలేఖ్య పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మని చుట్టేసుకుంది. నాన్న లోపలికెళ్ళి వార్డెనుతోనూ లెక్చరరుతోనూ మాట్లాడొచ్చారు. సాయంత్రాలు ఫిజిక్స్ విడిగా చెప్పడానికి లెక్చరరు ఒప్పుకున్నాడు. గది మారుస్తామని వార్డెను మాటిచ్చింది. అలేఖ్య చాలా రోజులకి కడుపునిండా తిన్నది.

తిన్నాక జోషిత అమ్మ ఫోను అక్కకిచ్చింది. నాన్న ఫోను తను తీసుకుంది. ఉప్పు మైదానం తెరుచుకుంది. కొత్త తూనీగ నిలబడి ఉంది. ఇదివరకంత సన్నగా లేదు. పొట్ట కాస్త ముందుకొచ్చింది. తలుపులున్నాయి, అద్దాలున్నాయి, పాటల పెట్టె కూడా ఉంది. లోపల రెండు సీట్లు. చక్రాల కింద పసుపు బంతులు అప్పటికే పెట్టి ఉన్నాయి.

"ఎంత వేగం పోతుందే?" అంది అలేఖ్య.

"తెలీదక్కా. ఇంతవరకూ తోలలేదు. నువ్వెక్కకుండా ఎలా తోలతాను?"

పసుపు టోపీ బొమ్మ తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. ఎర్ర టోపీ బొమ్మ పక్కన కూర్చుంది. జోషిత బండి కదిలించకుండా ఆగింది. చెవి అక్కవైపు పెట్టి ఆగింది.

"టప్! టప్!" అంది అలేఖ్య.

తూనీగ కదిలింది. నాలుగు వందలు దాటింది. ఇంకాస్త ఎక్కింది. అక్కడే నిలిచిపోయింది. ఎంత నొక్కినా ఐదువందల దరిదాపులకి పోలేదు. కమాను వచ్చేసింది. దాని కిందనుంచి ఇద్దరూ దాటిపోయారు. ఆకాశం తెల్లగా, ఖాళీగా అలాగే ఉంది. జోషిత మొహం చిన్నబోయింది. "రాలేదక్కా" అంది.

అలేఖ్య ఒక్క క్షణం చెల్లెల్ని చూసింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, "సుయ్‌య్‌య్... ఢాం! ఢమ ఢమ ఢాం!" అని షెడ్డు అదిరేలా అరిచింది. పులిహోర తింటున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నాన్న ఉలిక్కిపడ్డారు. జోషిత కూడా "ఢాం!" అంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వుతుంటే అలేఖ్య కళ్ళవెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

గంట కొట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళంతా బయటికి రావాలి. గేటు దగ్గర అలేఖ్య ఆగి ఏదో చెప్పబోయింది. జోషిత అక్క చేతులు రెండూ తీసుకుని తన బుగ్గల మీద పెట్టుకుంది. ఈసారి మధ్యలో ఊచల్లేవు.

"చెప్పక్కా" అంది.

అలేఖ్య చెప్పింది. అది అక్కచెల్లెళ్ళ మాట, మనకెందుకు? చెప్పడం పూర్తయ్యేదాకా జోషిత కదల్లేదు. సామర్లకోట చేరాక ఆ మాట మొదటినుంచి చివరిదాకా ఆమెకి గుర్తుంది.

నీతి: మనవాళ్ళ కోసం ఎంత గొప్ప పని తలపెట్టినా ముందు వాళ్ళ మాట చివరిదాకా వినాలి, వినకుండా కట్టిన బండి ఎంత వేగంగా పోయినా వాళ్ళని దారిలోనే వదిలేస్తుంది.